మూడో అక్షరం

తప్తపాణిలో ఆడవాళ్లు
వేడి బురదలో చేతులు పెట్టి కాయ వెతుక్కుంటారు.
దొరికితే కడుపు పండుతుందని నమ్మకం.
వాళ్ల పక్కనే నేనూ వంగి
బిరడా సీసాలోకి, గాలి చొరకుండా, అంచుదాకా
నల్లటి అడుగుమట్టి నింపుకున్నాను.
మూడోసారి వెళ్లినప్పుడు
ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ముసలమ్మ నా వీపు మీద చెయ్యేసి
"ఏటమ్మా, నీకింకా దొరకలేదేటి?" అంది.
లేదన్నాను. అది అబద్ధం కాదు.

దిగపహండి దాటాక కండక్టరు ముక్కు మూసుకుని
కుళ్లిన గుడ్లెవరివని బస్సంతా వెతికాడు.
తువ్వాల్లో చుట్టిన సీసాని
ఒళ్లో ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

గాలి తగిలితే చచ్చిపోయే జీవి అది.
మన ఊపిరి దానికి విషం.
దాని లోపల ఒక బుల్లి ప్రోటీన్,
ఇనుమూ గంధకమూ కలిపి కట్టిన రెండు గూళ్లు,
చింతపండు పులుసు రంగు.
దాని పనల్లా
ఒకరిచ్చిన ఎలక్ట్రాన్ ఇంకొకరికి అందించడం.
"మధ్యలో దానికేం మిగలదా?"
గాజుసామాను కడుగుతూ సీమాంచల్ అడిగాడు.
మిగలదన్నాను.
"అయితే మా నాన్న లాంటిదే.
ముప్పయ్యేళ్లు మనియార్డర్లు పంచాడు" అని
మళ్లీ ఫ్లాస్కుల మీదికి వంగాడు.

జన్యువుని కత్తిరించి ప్లాస్మిడ్‌లో అతికించే రాత్రి
కరెంటు పోయింది.
చేపల బజారు నుంచి సీమాంచల్ సైకిల్ మీద
గోనెలో మంచు తెచ్చాడు,
రంపపు పొట్టుతో, రొయ్యల వాసనతో.
ఎంజైములేమీ అనుకోలేదు.

పేగుల్లో బతికే మామూలు బాక్టీరియాకి
ఆ ముక్కని అప్పగించాను.
ఇల్లు మారింది. అక్కడ నోరు విప్పుతుందో లేదో.
రెండో రోజు పొద్దున
పళ్లెం నిండా నీలం చుక్కలు, వాటి మధ్య పదకొండు తెల్లవి.
తెల్లవే నావి.
పదింటిలో ఏమీ లేదు.
పదకొండోదాన్ని పుల్లతో తీస్తుంటే
ఎందుకో ఆ ముసలమ్మ చెయ్యి వీపు మీద తగిలినట్టయింది.

అప్పుడు గంధకం మళ్లీ వచ్చింది,
ఈసారి బొంబాయి నుంచి, థర్మకోల్ పెట్టెలో,
ఫిల్ము మీద నల్లగా మచ్చ వేసే రకం.
చీకటిగదిలో ఫిల్ము కడిగితే
నాలుగు వరసల్లో గీతలు, గీతలు,
ఎవరో నిచ్చెన మెట్లు విరిచి చల్లినట్టు.
కింది నుంచి పైకి చదవాలి.
సీమాంచల్‌వి పదునైన కళ్లు. అతను చదివాడు, నేను రాశాను.
మా ఇద్దరి మధ్యా ఉన్న మూడు భాషల్లో
ఏదీ కాని నాలుగక్షరాలు.
ఏ. టీ. జీ.
అక్కడ మొదలు.
టీ, జీ, సీ అని వచ్చినప్పుడల్లా కింద గీత గీశాను.
అది ఇనుముని పట్టుకునే వేలు. ఎనిమిది ఉండాలి.
ఆరు.
చాలాసేపటికి, ఏడు.
ఎనిమిదో దగ్గర అతను "టీ, జీ, టీ" అన్నాడు.
నాకు సీ లాగా కనిపించింది.
రెండు వరసల్లోనూ మసక నీడే.
కిటికీ దగ్గర ఎండకెదురు పట్టి చూశాం.
భూతద్దం పెట్టి చూశాం.
అతను టీ. నేను సీ.

నిజానికి ఏదైనా ఒకటే.
మూడో అక్షరం మారినా వేలు అదే వేలు,
ఇనుముని అంతే గట్టిగా పట్టుకుంటుంది.
నువ్వు బ్రహ్మపుర్ అంటావు, నేను బరంపురం అంటాను,
బస్సు ఆగేది ఆ పాత స్టాండులోనే కదా అన్నాను.

ఒప్పుకోలేదు.
"బస్సుకి తేడా లేదు అపా,
బోర్డు రాసేవాడికి ఉంటుంది."

నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా వదిలి
పెన్సిల్‌తో చుక్క పెట్టాను.
సోమవారం మళ్లీ జెల్ పొయ్యాలి.
మంచుకి ముందే చెప్పి ఉంచాలి.