ళ

ఆండాళు మొదటి నవల
పద్దుల పుస్తకంలో రాసుకోనొచ్చింది.
ఎడమ పక్క బెల్లం మండీ లెక్కలు,
కుడి పక్క రాక్షసుడు.

చిత్తూరు మిట్టూరులో మా ప్రెస్సు.
నేను కంపోజిటర్ని.
పెండ్లి పత్రికలు, జాతర కరపత్రాలు, చీటీల రసీదులు
కూర్చుకుంటా ఉన్న చెయ్యి.
మూడో ఫారం సగంలోనే ళ అయిపోయింది.
గడిలో వేలు పెడితే చెక్క తగిలింది.

ఆమె కథంతా
నీళ్ళు, రాళ్ళు, ముళ్ళు, ఊళ్ళు.
ఏడు కళ్ళ పాము. వేళ్ళతో వినే పిల్ల.
రాత్రిళ్ళు లేచి
పక్క కొండకి నడిచిపోయే ఇళ్ళు.

అరవ కేసులో ళ నిండుగా ఉంది.
"అదే పెట్టేయ్, ఎవురు చూస్తారు" అన్నాడు ఓనరు.
పెట్టలేదు.
దొరకని చోటంతా ఏదో ఒక అచ్చు తలకిందులుగా నిలబెట్టి
సైకిలెక్కి సంతపేట ప్రెస్సుకి పోయి
పిడికెడు ళలు అప్పు తెచ్చినా.

ఆ కథలు తనవి కావని ఆమే చెప్పింది.
పుంగనూరులో చింతపండు కొట్టే కొట్టంలో
కుప్పక్క చెప్పేదంట.
చిన్న కథకి ఒక తట్ట గింజలు,
పెద్ద కథకి రెండు.
తట్ట నిండినా ఎవురూ లేచేవాళ్ళు కాదంట.
పగలు మాత్రం కుప్పక్క నోరు విప్పేది కాదు,
పగలు కథ చెప్తే మేనమామ దారి తప్పుతాడని.

ఆండాళు నమ్మలేదు.
ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం కూచుని
అధ్యాయం రాసేసింది.
ఆ రాత్రి బెల్లం లారీతో బెంగుళూరు బయలుదేరిన మామ
తెల్లారేసరికి రాయవేలూరులో తేలినాడు.
పుస్తకం ఆయనకే అంకితం.
"దారి తప్పిన మా మామకు" అని
పద్దెనిమిది పాయింట్లలో నేనే కూర్చినా.
ఆ తర్వాత ఆమె పగలు లెక్కలే రాసింది.

రెండో నవల విజయవాడ నుంచి తిరిగొచ్చింది,
ఎర్ర సిరా ఉత్తరంతో.
రాక్షసుడు "యాడికి పోతా ఉండావు మే" అనడమేమిటండీ,
రాక్షసులు గ్రాంథికం కదా మాట్లాడాల్సింది?
కార్డు ముక్క మీద జవాబు పోయింది:
"మా రాక్షసుడు పలమనేరోడు."

మండీవాళ్ళ దీపావళి బోనస్‌తో
అదీ మా దగ్గరే అచ్చయింది. ఐదొందల కాపీలు.
అట్ట మీద ఏనుగు,
చెప్తే తప్ప ఏనుగని తెలీదు.
బస్టాండులో పంచాంగాల పక్కన పెట్టి అమ్మినారు.
అట్లా పదకొండు నవలలు.
తిరుపతిలో ఒకసారి శాలువా కప్పినారు.
వానాకాలంలో ప్రూఫులు
అందులోనే చుట్టి తెచ్చేది.

కుప్పక్క పోయింది.
మామ పోయినాడు, ఈసారి దారి తప్పకుండా.
కొట్టంలోకి మిషను వచ్చింది.
దాని మోతలో ఆడోళ్ళు
ఒకరినొకరు సైగలతో పిలుచుకుంటారంట.
ఆండాళు నవలలు మానేసింది.
ఎందుకని నేను అడగలేదు,
మా ప్రెస్సుకి కూడా పని తగ్గిందని ఆమె అడగలేదు.

కేసులు పాత ఇనుము కొట్టుకి పోయే వారం.
సీసానికి వేరే రేటు.
ఎట్లా తెలిసిందో వచ్చింది,
నాలుగు మడతలేసిన కాగితం ఒకటి పట్టుకోని.
"కడాకు ఇదొకటి నీ చేత్తో కూర్చు" అనింది.
పద్యం.

కూర్చే ముందు
ళలు లెక్కబెట్టుకోవడం నా అలవాటు.
పైనుంచి కిందికి చూసినా.
కింద నుంచి పైకి చూసినా.

నీరు, అని రాసింది.
రాయి, అని.
ముల్లు. వేలు. ఊరు.
ఒక కన్ను.
నడవని ఇల్లు.

నాకోసమేనా అని అడగబోయి
వాకిట్లోకి చూసినా.
బెంచీ మీద కూచుని
చింతగింజ ఒకటి
అరచేతిలో దొర్లిస్తా ఉంది.

పద్యం అయిపోయింది.
కింద పేరు మిగిలింది.
గడిలో వేలు పెట్టినా.

ఒకటుంది.