పదమూడో నెల

బహిర్ దార్ ఆసుపత్రి, టీకాల కిటికీ.
పొద్దు పొడిచి మూడు గంటలైంది.
నర్సు జెనెబెచ్ నన్ను పిలిచింది.
పిలవడం కాదు, కేకేసింది:
"నీ యంత్రం ఈ పిల్ల పుట్టనే లేదంటోంది!"

వుడినేష్ ఒళ్లో ఆరు వారాల పిల్ల.
అట్టకార్డు మీద నీలం సిరా:
పాగుమే ఆరు, రెండువేల పదిహేను.
తెర మీద ఎర్రగా నేను రాసిన వాక్యం:
నెల ఒకటి నుంచి పన్నెండు లోపు ఉండాలి.

నెలలు నిండి పుట్టిన పిల్లకి
నెలే లేదన్నాను.
నెల తప్పింది తల్లికి కాదు, నాకు.

పదమూడు నెలల దేశంలో పుట్టి
పన్నెండు గదుల ఇల్లు కట్టాను.
ఎవరో రాసిన కోడు ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి అతికించి
హాయిగా నిద్రపోయాను.

పాగుమే అంటే
ముప్ఫయ్యేసి రోజుల పన్నెండు నెలలు పోగా
ఏడాది జేబులో మిగిలే చిల్లర.
అయిదు రోజులు. నాలుగేళ్లకోసారి ఆరు.
ఆ నెలకి జీతం రాదు.
మూడో నాడు వాన పడితే
పిల్లలు చొక్కాలు విప్పి వీధిలో తడుస్తారు,
ఆ నీళ్లు పవిత్రమని.
నేనూ తడిశాను. ఎలా మరిచాను?

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?"
"మెస్కెరెమ్ ఒకటి అని కొట్టేవాళ్లం.
లైను ఆగదు కదా."
ఆమె తప్పు చెప్తున్నట్టు లేదు,
వాన పడితే గొడుగు వేశామన్నట్టుంది.
"ఇవాళ మాత్రం వేలు ఆడలేదు.
ఈ పిల్లకి పురుడు పోసింది నేనే."

లోపలికెళ్లి వెతికాను.
కొత్త సంవత్సరం రోజున
నలభై ఒక్కమంది పుట్టారట మా ఊళ్లో.
ఆ మర్నాడు ఇద్దరు.

అంతటితో అయిపోతే బాగుండేది.
పుట్టినరోజుకి నేను అర్ధరాత్రి తగిలించాను,
అడగని గంట.
సర్వరు లెక్క మాకు మూడు గంటలు వెనక.
అక్కడికి చేరేసరికి అర్ధరాత్రి
ముందురోజు సాయంత్రమయ్యేది.
ఆ ఏడాది ఎక్కించిన ప్రతి బిడ్డా
ఒక రోజు ముందే పుట్టేసింది.

ఒక్క గెటాచెవ్ తప్ప.
కార్డులో పాగుమే ఆరు.
గుమాస్తా కొట్టింది మెస్కెరెమ్ ఒకటి.
సర్వరు ఒక రోజు వెనక్కి లాగింది.
పాగుమే ఆరు!
రెండు అబద్ధాలు ఎదురెదురుగా నడిచొచ్చి
ఢీకొన్న చోట
ఒక నిజం నిలబడింది.
దాన్ని చూసి నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.
ఇలాంటి నిజాలు ఇంకెన్ని మోస్తున్నానో.

దాతలు పంపిన మందుల జాబితాలో 03/04.
మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా?
ఫోను చేస్తే వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు.

ఆ రాత్రి గంటని పీకేశాను.
ఏడు, నెల, రోజు: పెద్దది ముందు, చిన్నది వెనక,
ఏ పంచాంగమో పక్కనే పేరు పెట్టి.
లోపల రోజులకి పేర్లు లేవు,
ఒకదాని వెనక ఒకటి ఊరికే నడుస్తాయి.
మార్పిడంతా గుమ్మం దగ్గరే,
గుడి ముందు చెప్పులు విడిచినట్టు.
పరీక్షకి మొదట పెట్టింది పాగుమే ఆరు.
రెండోది, ఆరో రోజు లేని ఏడాది పాగుమే ఆరు.
దాన్ని మాత్రం తోసెయ్యాలి.

మర్నాడు జెనెబెచ్ ఒంటివేలితో
ఒకటి నొక్కింది, మూడు నొక్కింది,
తెర ఏమీ అనలేదు.
వుడినేష్ అప్పటికే కిటికీ వదిలి
పిల్ల తొడ మీద దూది అదుముతోంది.

కోడు ఒక్క రాత్రిలో మారింది.
అట్టకార్డులకి పన్నెండు రోజులు పట్టింది,
చెదలు తిన్నవి, కాఫీ ఒలికినవి,
కొండమీది పల్లెకి బస్సెక్కి వెళ్లి అడిగినవి.
ఏడుగురివి దొరకలేదు.
ఖాళీగా ఉంచబోతే తెర మళ్లీ ఎర్రబడింది:
ఈ గడి తప్పనిసరి.

అదీ నేను రాసిందే.
తెలియదు అని చెప్పుకునే చోటు
నేనసలు కట్టనే లేదు.