బ్రాకెట్లలో ఏరు

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది.
దేశాలకు పొత్తు కుదరని మాటను కొట్టెయ్యరు,
చదరపు బ్రాకెట్లలో పెడతారు.
తాసీల్దారు కచేరీ బయట బెంచీ మీద
పేరు పిలిచేదాకా కాచుకున్న మనిషిలా
అది అట్లా ఉంటుంది, ఏండ్ల తరబడి.

పోయినేడు "తక్షణం" అనే మాట కోసం
పదకొండు రాత్రులు మేల్కొన్నాం.
చివరికి ఆ చోట్లో "తగిన కాలంలో" వచ్చింది.
అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నకిరేకల్ దాటి, కేతేపల్లి పక్క మట్టిరోడ్డు దిగి
మూసీ ఒడ్డుకు పోయాను
నలభై రెండు ప్రశ్నల కాగితంతో.
మేం జీపు దిగకముందే వాసన జీపెక్కింది.
డ్రైవర్ జహంగీర్ అద్దాలెత్తి
"జల్ది కానియ్యుండ్రి మేడం" అన్నాడు.
"మా మేనమామ ఈడ్నే చాపలు పట్టేటోడు.
ఇప్పుడు హయత్‌నగర్ల వాచ్‌మన్."

చాకిరేవులో ఈదమ్మ ఒక్కతే.
పద్నాలుగు బండలుండేవట, ఇంటికొకటి.
మిగతా పదమూడింటి మీద
కొంగ కూడా వాలడం లేదు.

మొదటి ప్రశ్న: నీటి నాణ్యతకు
అయిదుకు ఎన్ని మార్కులేస్తారు?
నన్ను ఎగాదిగా చూసింది.
"మార్కులేంది బిడ్డా, ఏరు బడికి పోతుందా?
ఎనుకట సబ్బు రాస్తె నురగొచ్చేది.
ఇప్పుడు ఏరే నురగ కక్కుతుంది,
నాకు సబ్బు పైసలు మిగులుతున్నయి. రాసుకో.
పెండ్లి చీరెలు నాకియ్యరు, మరకలు పడ్తయని.
సావు దుప్పట్లే వస్తయి. గదిగూడ రాసుకో."
రాసుకున్నాను. ఏ గడిలో రాయాలో తెలియక
కాగితం అంచున.

పదిహేడో ప్రశ్న: మీ అనుకూలన సామర్థ్యం?
ఆ మాటను తెలుగు చేసింది నేనే,
ఢిల్లీలో, నిఘంటువు ముందేసుకుని.
ఇక్కడ నాకే నోరు తిరగలేదు.
"ఎట్ల నెట్టుకొస్తున్నవమ్మా?" అన్నాను.
చేతులు చాపింది.
వేళ్ల సందుల్లో తోలు తెల్లగా నాని, చిట్లి,
గోళ్లు ఎవరో సగం కొరికి వదిలేసినట్టు.
"గిట్ల."

లేచేముందు నా తెల్ల చున్నీ అడిగింది.
ఏట్లో ఒక్క ముంచు ముంచి, పిండి,
ఎండలో ఆరేసి, మడతపెట్టి ఇచ్చింది.
"మీ పెద్దసార్లకియ్యి. సదువుకుంటరు."

జెనీవా. మూడో రోజు. పేరా ఇరవై ఆరు.
"నది మీద ఆధారపడినవారి చేతులు" అని
ఒక వాక్యం చొప్పించాను.
బ్రాకెట్టు వెంటనే పడింది.
చేతులు సాంకేతిక పదం కాదంది ఒక దేశం.
నది అంటే ఏ నదో తేల్చమంది ఇంకోటి.
మా దేశం ఏమీ అనలేదు. నీళ్లు తాగింది,
సీసా నీళ్లు.
చున్నీ సంచిలో ఉంది, నా కాళ్ల దగ్గర.
ఏసీ గాలికి మెల్లగా లేచి
బల్లల కింద తిరిగిందేమో,
పక్క కుర్చీ ఆయన రెండుసార్లు వంగి
తన బూటు అడుగు చూసుకున్నాడు.
తీసి బల్లమీద పెడదామనుకున్నాను.
జిప్పు మీద చెయ్యి పడింది కూడా.
నా కాంట్రాక్టు డిసెంబరుదాకానే.
చెయ్యి తీసేశాను.

అర్ధరాత్రి దాటాక పేరా ముగిసింది.
ఈదమ్మ చేతులు పాదసూచికలోకి దిగాయి,
తెల్లారేసరికి అక్కడా లేవు.

చున్నీ ఇంకా ఉతకలేదు.
ఏ నీళ్లతో ఉతకాలో తెలియడం లేదు.

వచ్చాక ఫోన్ చేశాను.
"ఏమన్నరు బిడ్డా?"
"చూస్తమన్నరు."
"సూసుడైతె మేమూ రోజు సూస్తనే ఉన్నం."
తిట్టలేదు. ఫోను పక్కన పెట్టినట్టుంది,
కట్ చెయ్యడం మరిచింది.
బట్ట బండకు తగిలే చప్పుడు,
మధ్యలో ఒక దగ్గు, మళ్లీ బట్ట.
ఇటు ల్యాప్‌టాప్‌లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు,
రెండోసారి, మూడోసారి.