ఏంల్యా

ఫర్వానియాలో శుక్రవారం మధ్యాహ్నం.
టైలరు షాపు మీద మూడో అంతస్తు.
వారమంతా వేరే ఇళ్ళల్లో పడుకునే నలుగురు ఆడవాళ్ళు
వారానికో పూట మనుషుల్లా కూర్చోడానికి
చందా వేసుకుని అద్దెకు తీసుకున్న గది.
ఏసీ ఆపమన్నాను, రికార్డింగులో గుర్రుమంటోందని.
రెడ్డెమ్మ ఆపింది.
ఐదు నిమిషాలకి తనే మళ్ళీ వేసింది.
"నీ మిషనుకి చెమట పట్టదేమో, మాకు పడ్తాదిమా."

నా దగ్గర అరవై కార్డులు.
ఒక్కో దాని మీద ఒక్కో మాట.
నేను చదువుతాను, విన్నవాళ్ళు
ఒకటి నుంచి ఏడు దాకా ఒక అంకె చెప్పాలి.
ఒకటంటే దుఃఖం, ఏడంటే ఆనందం,
నాలుగంటే అటూ ఇటూ కానిది.
అర్థాన్ని తూచే పద్ధతుల్లో ఇదొకటి.
దీన్ని నమ్ముకునే విమానం ఎక్కాను.

"ఇల్లు" అన్నాను.
"ఎవురిల్లు?"
"ఎవరిదీ కాదు, ఊరికే ఇల్లు."
"ఊరికే ఇల్లు యాడుంటాదిమా?"
అంకె చెప్పలేదు.
"జీతం" అన్నాను. నవ్వింది.
ఆ నవ్వుకి నా కాగితంలో గడి లేదు.
"కోపం" అంటే,
"మేడమ్‌దైతే ఒకటెయ్.
నాదైతే రాయనే రాయొద్దు,
దానికి ఈడ పన్లేదు."

ముప్పై ఒకటో కార్డు దగ్గర కట్ట పక్కన పెట్టేశాను.
కడుపు గురించి అడిగాను.
మన భాషలో సగం బాధ అక్కడే కదా కాపురం:
మండుతుంది, తరుక్కుపోతుంది,
ఒక మాటకి చల్లబడుతుంది,
అన్నం లేకుండానే నిండుతుంది.
"ఈళ్ళకి అట్ల కాదుమా, ఈళ్ళకి కార్జంలో ఉంటాది.
మేడమ్ పిల్లోణ్ణి చబ్దీ అంటాది, నా కార్జమా అని.
వచ్చిన కొత్తల్లో వంటకేమో అనుకుంటి,
ఫ్రిజ్జంతా ఎతికితి."

నలుగురూ పడీ పడీ నవ్వుతుండగా
ఆమె ఫోను మోగింది.
చేతులకి ఉల్లిపాయ, స్పీకర్లో పెట్టింది.
మిషారీ. ఆరేళ్ళు.
పదిహేను రోజుల గుడ్డుగా ఉన్నప్పుడు చేతిలో పెట్టారట.
అవతల ఎక్కిళ్ళు.
"ఏమాయ నాయనా? ఎవురేమన్న్యారు?"
కాసేపు ఊపిరి చప్పుడు.
తర్వాత, కువైట్ గుమ్మం దాటని ఆ చిన్న గొంతు
"ఏంల్యా" అంది.

ఏమీ లేదు, కాదు.
ఏం లేదులే, అదీ కాదు.
ఏంల్యా.
రాయచోటి దాటి సుండుపల్లి దారిలో
నాలుక ఎక్కడ వంగుతుందో అక్కడే వంగి,
ఎత్తులో మొదలై, "ల్యా" దగ్గర
మెట్టు తప్పినట్టు జారి,
చివర్న రవ్వంత లేచి ఆగి,
అడగొద్దంటూనే ఇంకోసారి అడగమనే రాగం.
గంట క్రితం ఇదే రాగం రెడ్డెమ్మ నోట విన్నాను,
ఇంటికాడ అందరూ ఎలా ఉన్నారని అడిగినప్పుడు.

రాత్రి గదిలో
రెండు గొంతుల్నీ తెర మీద గీతలు గీయించాను.
పిల్లాడిది పైన, ఆమెది కింద.
వంపు ఒక్కటే.
నిఘంటువులో ఈ మాటకి అర్థం శూన్యం.
ఇంత నిండుగా ఉన్న శూన్యాన్ని
ఏ అంకె కింద వెయ్యాలో తెలీక
పిల్లాడి వివరాల కాగితం నింపసాగాను.
వయసు, రాశాను. ఊరు, రాశాను.
మాతృభాష.
అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

పదకొండింటికి రెడ్డెమ్మ ఫోను, గొంతు తగ్గించి:
"మా, పిల్లోని ముక్క ఉంటే తుడిపెయ్.
వాడు మన మాట మాట్లాడేది ఇంట్లో తెలీదు.
నాకాడ మాత్రమే మాట్లాడ్తాడు.
తెలిస్తే..."
"ఏమవుతుంది?"
జవాబుకి బదులు అదే మాట, అదే జారుడు.

తుడిచేశాను.
ఇప్పుడా చోట నాలుగు క్షణాల గుంత,
దానికి అటూ ఇటూ ఏసీ గుర్రు.
మర్నాడు మా గైడు అడిగాడు,
నలభై రెండో నిమిషంలో ఏం పోయిందని.
చెబుదామని నోరు తెరిచాను.
నాది తెనాలి నోరు.
ఎంత వంచినా నాలుక వంగలేదు.
"ఏం లేదండీ" అని మాత్రమే వచ్చింది.