రెండు రేవులు

బిషప్ గారి తెల్లంగీ ఉతికినదాన్ని నేను.
పదిహేడేళ్ళు.
ఓడ ఆగే రేవు వాళ్ళది,
కొండవాగు పక్కన బండరాయి రేవు నాది.

మొదటిసారి పడవలోంచి దూకి
నడుంలోతు నీళ్ళలో నడిచొచ్చాడు ఆంబ్రోస్ థర్ల్‌బీ దొర.
ఆ అంగీ చేతులు గాలికి ఉబ్బితే
మా చిన్నోళ్ళు తెరచాపలనుకున్నారు.
ఈయనకి మళ్ళీ ఓడెందుకని నవ్వారు.

ఆయన జీవితం రాసేవాళ్ళు ఇంగ్లండులో ఉన్నారట.
ఏ కాలేజీలో చదివాడో,
ఎవరెవరు తలమీద చేతులుంచి పట్టం కట్టారో
వాళ్ళకి తెలుసు.
నాకు మరకలు తెలుసు.

మొదటి ఏడు సీమపనస జిగురు.
మా భాష కోసం చెట్టెక్కి
కనిపించిన ప్రతిదాని పేరూ అడిగాడు.
మూడో ఏడు సిరా.
క్షమించడాన్ని మీరేమంటారని అడిగితే
'పట్టిన చేపని నీళ్ళకిచ్చెయ్యడం' అన్నాడు నా తమ్ముడు తలివో.
ఆ రాత్రి దొరకి కునుకు లేదు,
మోచేతి దాకా సిరా.
ఐదో ఏడు నెత్తురు.
ఎవరిదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.
చన్నీళ్ళలో నానబెట్టాను.

ఆరో ఏడు మరకే లేదు.
ఆ ఏడే ఓడ తట్టు తెచ్చింది.
బడిలో ముప్పైనలుగురు పిల్లలు.
పంతొమ్మిదిమందిని తనే మోసుకెళ్ళి పూడ్చాడు,
గోళ్ళ నిండా మట్టి.
అంగీ ఆ నెలంతా పెట్టెలోనే ఉంది.
తలివో పదకొండోవాడు.

'దేవుడి చిత్తం' అనలేదు.
అనుంటే ఆ పెట్టె సముద్రంలో పారేసేదాన్నే.
'ఓడ నాది' అన్నాడు.
అంతే.
మరుసటేడు అదే ఓడ
మళ్ళీ పిల్లల కోసం వచ్చింది.
నేనూ మళ్ళీ ఉతికాను.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

చూపు మందగించాక వెళ్ళిపోయాడు.
అక్కడేదో పెద్ద గుడిలో
రాతిమీద పేరు చెక్కారట:
పద్దెనిమిది దీవులు, రెండువేల బాప్తిస్మాలు.
పంతొమ్మిది అనే అంకె ఉందో లేదో
చూసొచ్చినవాళ్ళు చెప్పలేదు.

నా దగ్గర ఒక చెయ్యి మిగిలింది.
కుట్టు ఊడితే బాగుచెయ్యమని ఇచ్చి
మర్చిపోయాడు.
మోచేతి దగ్గర ఆ రాత్రి సిరా, ఇంకా నీలంగా.

పోగొట్టడం నాకు రాకనా?
నిమ్మరసం, ఉప్పు, ఒక పూట ఎండ.
వానలు వెనకబడ్డ ప్రతిసారీ
దాన్ని తీసుకుని బండ దాకా వెళ్తాను.
కాసేపు కూచుంటాను.
పొడిగానే తిరిగి తెస్తాను.