కనుబొమ్మ వెంట్రుక

మిర్చి యార్డు తెరిచిన రోజు
మా లేబులో లేజరు ముట్టుకోం.
ఏసీ సందులోంచి కూడా ఘాటు దూరుతుంది,
ఒక్క తుమ్ము చాలు గురి తప్పడానికి.

ఆదివారాలే నా కోతలు.
బయట గుంటూరు నలభై నాలుగు,
పెట్టెలో నులిపురుగులకు మాత్రం ఇరవై.
నా అద్దెగదికి లేని చలవ వాటికి.

మిల్లీమీటరు ప్రాణి.
గాజులాంటి ఒళ్లు, లోపలున్నదంతా బయటికే,
దాపరికం చేతకాని మనిషిలా.
తోక వైపు, తాకితే తెలిసే నరాలు రెండు
చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతాయి.
గురిపెట్టి, ఊపిరి బిగబట్టి, పెడల్ నొక్కితే
చప్పుడుండదు.
దారం మధ్య చిన్న నల్లటి ఖాళీ.
అటొక కొస, ఇటొక కొస.

పదిహేడో పురుగును కోసీ కోయగానే కరెంటు పోయింది.
లైన్‌మన్ కరీముల్లా వచ్చాడు,
ఫ్యూజు వేసి, మెడ తుడుచుకుని,
"చూడొచ్చా" అంటూ కళ్లద్దాలు నుదుటికెక్కించి వంగాడు.
చాలాసేపు చూశాడు.
"మేం సప్లై ఆపి తీగ కోస్తామమ్మా.
మీరు పారుతుండగానే కోసేశారే!"

మత్తిచ్చామని చెప్పాను.
అది జవాబు కాదని నాకు తెలుసు.

"మరి అతికేదెవరు?"
ఎవరూ అతకరు. బతికున్న కొస మొగ్గ తొడిగి
తడుముకుంటూ సాగుతుంది.
కొన్ని పక్కదారి పడతాయి,
కొన్ని వచ్చిన దారినే తిరుగుతాయి,
ఏదో ఒకటి పాత ముక్కను ఒరుసుకుని
అందులో కలిసిపోతుంది.
ముసలి పురుగుల్లో అదీ అరుదు.

ఆయన ఎడమ చిటికెనవేలు చూపించాడు.
తుఫాను ఏడు, నల్లపాడు ఫీడరు.
పదకొండేళ్లుగా అది పరాయి వేలట,
బీడీ అంటుకున్నా
ముందు వాసనే తెలుస్తుందట.

పురుగును మేం తాకి చూసేది కనుబొమ్మ వెంట్రుకతో.
టూత్‌పిక్ చివర అతికించిన ఒకే ఒక్కటి, నాదే.
అడక్కుండానే ఆయన చెయ్యి బల్ల మీద పరిచి
కళ్లు మూసుకున్నాడు.
ఉంగరపు వేలి మీద గీశాను. "ఆఁ."
చిటికెన మీద గీశాను.
మళ్లీ గీశాను.
"కానివ్వమ్మా, నేను సిద్ధమే" అన్నాడు.

సోమవారం. యార్డు తెరిచారు, ముక్కుకి తడిగుడ్డ.
ఇరవై నాలుగు గంటలు దాటిన పదిహేడో పురుగు
తోక మీద వెంట్రుక ఆనించాను.
కదల్లేదు.
నోట్‌బుక్‌లో సున్నా చుట్టబోయి
పెన్ను ఎత్తిపట్టి కూర్చున్నాను,
ఘాటుకి కళ్లెంబడి నీళ్లు.
గడి ఖాళీగా వదిలేశాను.
రేపు, నలభై ఎనిమిదో గంటకి, ఇంకోసారి.