మట్టిరంగు వైరు

టార్చి పట్టుకోవడం కూడా ఒక విద్యే.
పన్నెండేళ్ళ వయసులో అది నాకు అబ్బలేదు.
"నా మొహం మీద కాదురా, బోల్టు మీద"
అని కనిషాయ్ అత్త ఆ రాత్రి ఎన్నిసార్లందో
సగంలోనే లెక్క తప్పాను.

అత్‌బాషీలో ఫిబ్రవరి.
ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి
సూదుల్లా గుచ్చుకుంటాయి.
అత్త గొర్రెల డాక్టరు.
బండి పాత ఆడి, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది.
వారంగా దాని కళ్ళు అదురుతున్నాయి.
కుడికన్నదిరితే ఒకటి, ఎడమకన్నదిరితే ఒకటి,
రెండూ కలిసి అదిరితే ఏ శకునమో
ఎవరూ చెప్పలేదు.

మొన్న కనుమ మలుపులో
దీపాలు రెప్పపాటు ఆరి వెలిగేసరికి
ఎదురుగా గుర్రం.
దానికేమీ కాలేదు. నిదానంగా తోక ఊపి పక్కకు తప్పుకుంది.
అత్తే రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

బల్బులు మార్చమన్నాడు దుకాణంవాడు.
వాడమ్మేది బల్బులే మరి.
"ఇద్దరు పిల్లలూ ఒకేసారి ఏడిస్తే
పిల్లల్ని కాదు, ఉయ్యాల తాడుని చూడాలి"
అంటూ అత్త బోనెట్టు ఎత్తింది.

ఫ్యూజు తీసింది, వెలుగుకి పట్టి చూసింది, పెట్టేసింది.
రిలే మీద స్పానర్ పిడితో తట్టింది. చలనం లేదు.
నన్ను సీట్లో కూర్చోబెట్టి
ఎక్స్‌లేటరు తొక్కమంది.
ఇంజను అరిచింది, దీపాలు అదురుతూనే ఉన్నాయి.
మీటరు ముల్లు పద్నాలుగు దగ్గర నిలబడింది.
"డైనమో మంచిదే పాపం" అంది,
అనవసరంగా అనుమానించిన మనిషి గురించి అన్నట్టు.

నది అవతల చీకట్లో
ఏదో మిణుకు మిణుకుమంది అప్పుడు.
చుక్కేమో అనుకున్నాను.

తర్వాత మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్‌కి,
ఒకటి హెడ్‌లైటు వెనకాల ఎర్తుకి.
ముల్లు సున్నా దగ్గర పడుకోవాలట.
అది రెండు దాటి కూర్చుంది.
అత్త మొదటిసారి నవ్వింది.
"జర్మన్ బండిలో ఎర్తు వైరు నల్లగా ఉండదు, గుర్తుంచుకో.
మట్టిరంగులో ఉంటుంది."

బ్యాటరీ తీగ విప్పి, బ్యాటరీ పైకెత్తి,
ఆ మట్టిరంగు వెంట వేళ్ళతో పాకింది.
కింద, ఎవరూ చూడనిచోట,
పదో నంబరు బోల్టు.
దాని చుట్టూ పచ్చగా, తెల్లగా చిలుం,
పెచ్చులు కట్టిన పుండులా.
వెలుగు పోవడానికే దారుంది,
తిరిగి రావడానికి లేదు.

గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దింది.
తీగ కొస కోసి కొత్త రింగు నొక్కింది.
గ్రీజు అయిపోయింది.
గొర్రెల పొదుగులకు రాసే వ్యాజలైను డబ్బా తెచ్చి
బోల్టు బిగించాక దానికే పూసింది,
వేలిని నా చెంపకు తుడిచింది.

స్విచ్చి వేశాం.
పాక గోడ మీద రెండు వెలుగులు
మేకు కొట్టినట్టు నిలబడ్డాయి.
మంచు రేణువులు వాటిలోంచి తాపీగా దిగుతున్నాయి.

అవతలి ఒడ్డున మళ్ళీ ఆ మిణుకు.
మూడుసార్లు. ఆగింది. మళ్ళీ మూడుసార్లు.
చుక్క కాదది.
బేయ్‌షెన్ ముసలాయన గుడిసె.
పోయినేడు తన పొట్టేలు చచ్చిపోయాక
అత్త ఎదురొస్తే దారి మార్చుకునే మనిషి.

"వారంనుంచీ" అంది అత్త,
"నేను పలకరిస్తున్నాననుకుంటున్నాడు."

చాలాసేపు చేతులు తుడుచుకుంది,
తుడవడానికి ఏమీ మిగలని చేతులు.
అటు నుంచి మరోసారి, కాస్త సందేహంగా.
అప్పుడు సీట్లో కూర్చుని
స్టీరింగు పక్కన పుల్లని
తనంతట తానే లాగింది.
ఒకటి. రెండు.
కొంచెం ఆగి, మూడు.

తర్వాత నా వైపు తిరిగి,
"టార్చి ఇంకా వెలుగుతోంది, చూడలేదా?
బ్యాటరీలు చెట్లకు కాస్తాయా?"
అని కసిరింది.